కంపెనీ బండి ఇంటి ముందు ఉంటే చాలా, పన్ను కట్టాల్సిందేనా?

పానా_పట్టకారు
నేను లిఫ్టుల సర్వీసులో పనిచేస్తాను. వారంలో సగం రాత్రులు ఆన్‌కాల్. ఎక్కడైనా లిఫ్టులో మనిషి ఇరుక్కుపోతే అరగంటలో నేను అక్కడ ఉండాలి, అందుకే కంపెనీ కారు రాత్రిళ్లు కూడా నా దగ్గరే ఉంటుంది. వెనక సీటు మడిచేసి టూల్‌బాక్సు, రెండు చుట్టల రోప్, ఒక గ్రీజు డబ్బా, మూత సరిగ్గా పట్టని ఆయిల్ క్యాన్. మా ఆవిడ ఆ కారు ఎక్కమంటే ఎక్కదు, బట్టలకి మరకలు పోవట.

ఈ ఏడాది నుంచి పేస్లిప్‌లో ఒక కొత్త లైను కనిపిస్తోంది, "వాహన సౌకర్యం" అని. దాన్ని జీతంలో కలిపి పన్ను కోస్తున్నారు. హెచ్‌ఆర్‌లో అడిగితే "బండి మీ ఇంటి దగ్గరే ఉంటోంది కదండీ, సొంతానికి వాడుకునే వీలుంది కాబట్టి" అన్నారు. వీలుంటే వాడినట్టేనా? పోయిన ఏడాది మొత్తంలో సొంత పనికి తీసింది నాలుగుసార్లు, అందులో రెండు పాపకి జ్వరం వచ్చిన రాత్రులు. మా మేనేజర్‌కి ఇంతకి రెండింతల కారు ఉంది, అది సైట్ మొహం చూసిన పాపాన పోలేదు, ఆయనకీ నాకూ కోసేదాంట్లో పెద్ద తేడా లేదు.

ఏ దేశం, ఏ సెక్షన్ అని మొదలుపెట్టకండి. రూలేమిటో హెచ్‌ఆర్ చెప్పేశారు. ఇది న్యాయమేనా అన్నదే నా ప్రశ్న.

సొంతబండి
మీ బాధ అర్థమైందండీ, కానీ అవతలి వైపు నుంచి ఒక మాట. నేను ఆసుపత్రిలో నర్సుని, నాకూ నైట్ డ్యూటీలు ఉన్నాయి. నా కారు నేనే కొనుక్కున్నాను, పన్ను కట్టగా మిగిలిన జీతంతో. పెట్రోలు, ఇన్సూరెన్సు, టైర్లు, సర్వీసింగు అన్నీ ఆ మిగిలిన జీతంలోంచే. మీకు జీతంతో పాటు కారు ఇచ్చారు. అంటే మీ చేతికి వచ్చేదాంట్లో కొంత డబ్బు రూపంలో వస్తోంది, కొంత కారు రూపంలో వస్తోంది. డబ్బుగా వచ్చినదానికి మాత్రమే పన్ను వేసి కారుగా వచ్చినదాన్ని వదిలేస్తే, రేపు ప్రతి కంపెనీ జీతం తగ్గించి కారు, ఇల్లు, ఫర్నిచర్ ఇస్తుంది, పన్ను కట్టేది మా లాంటి వాళ్లు మాత్రమే మిగులుతాం.

నాలుగుసార్లే తీశానన్నారు. ఆ రెండు జ్వరం రాత్రులూ కారు ఇంటి ముందే ఉండటం విలువ కాదా? నేనైతే ఆ ధైర్యం కోసమే నెలనెలా ఈఎంఐ కడుతున్నాను.

పానా_పట్టకారు
మేడమ్, మీ కారు ఎప్పుడు తీయాలో మీ ఇష్టం. నా దాంట్లో ఊరెళ్దామంటే ఆన్‌కాల్. ఆన్‌కాల్ లేని రోజు ఎక్కడికైనా వెళ్దామంటే వెనక సీటే లేదు. అది నాకిచ్చిన సౌకర్యం అంటే నవ్వొస్తోంది. కంపెనీ తన పార్కింగ్ ఖర్చు మిగుల్చుకుని నా ఇంటి ముందు బండి పెట్టిస్తోంది, నిజానికి అద్దె నేనే అడగాలి.

జీతాల_గుమాస్తా
పద్నాలుగేళ్లుగా పేరోల్ చూస్తున్నాను. అన్నా, మీ రెండు పేరాల్లో రెండు వేర్వేరు సమస్యలున్నాయి, కలిపేస్తే తేలవు. ఒకటి, వాడకపోయినా "అందుబాటులో ఉంది" అన్నందుకు పన్ను. రెండు, వాడకం ఎంతైనా కారు ఏదైనా దాదాపు ఒకే గంపగుత్త లెక్క.

మొదటిది చాలా చోట్ల ఉంది. బ్రిటన్‌లో కంపెనీ కారు మీకు సొంత వాడకానికి అందుబాటులో ఉంటే చాలు, పన్ను పడుతుంది. తప్పించుకోవాలంటే సొంత వాడకం కుదరదని నిబంధన ఉండాలి, నిజంగా వాడకుండా కూడా ఉండాలి, రెండూ కలిస్తేనే. ఆస్ట్రేలియా ఇంకా గట్టిది, రాత్రిపూట కారు ఉద్యోగి ఇంటి దగ్గర ఆగి ఉందంటే సొంత వాడకానికి అందుబాటులో ఉన్నట్టే లెక్క, ఇంట్లో వాళ్లెవరూ తాళం ముట్టలేదని చెప్పినా వినరు. ఇంత మొండిగా ఎందుకు రాశారంటే, "నేను వాడలేదు" అన్నది ఋజువు చేయడం కష్టం, "వాడాడు" అన్నది పట్టుకోవడం ఇంకా కష్టం. తాళం ఎవరి జేబులో ఉందో చూడటం తేలిక. చట్టం తేలికైనదాన్ని పట్టుకుంది.

ఆడిటర్‌గారబ్బాయి
రెండో సమస్యకి మన దేశమే మంచి ఉదాహరణ. 1962 నాటి ఆదాయపన్ను నిబంధనల్లో రూల్ 3 కింద, ఆఫీసు పనికీ సొంతానికీ కలిపి వాడే కారుకి కంపెనీయే ఖర్చులన్నీ పెట్టుకుంటే, ఇంజిన్ 1.6 లీటర్ల లోపైతే నెలకి 1,800, దాటితే 2,400, డ్రైవర్ ఉంటే ఇంకో 900 అని 2009లో పెట్టారు. ఆ తర్వాత పదిహేనేళ్లు ఆ అంకెలు కదల్లేదు. ఈలోగా కార్ల ధరలు ఎక్కడికి పోయాయో, పెట్రోలు ఎక్కడికి పోయిందో చెప్పక్కర్లేదు.

ఆ అంకెలతో లెక్క చూడండి. డ్రైవర్‌తో చిన్న కారు, నెలకి 2,700, ఏడాదికి 32,400. డ్రైవర్‌తో ఖరీదైన పెద్ద కారు, నెలకి 3,300, ఏడాదికి 39,600. 30 శాతం స్లాబు, 4 శాతం సెస్సు కలిపి 31.2 శాతం పడేవాడికి చిన్న కారు మీద పన్ను 10,109 రూపాయలు, పెద్ద కారు మీద 12,355. తేడా 2,246. సంవత్సరానికి! ఆ పెద్ద కారు చిన్న కారుకి ఆరింతల ధర అయినా ఇదే తేడా. డ్రైవర్ జీతం నెలకి 900 అని ఎవరైనా నమ్ముతారా?

పానా_పట్టకారు గారి మేనేజర్ నవ్వేది ఇందుకే. ఇలాంటి లెక్కలో భారం సరిగ్గా వాడనివాడి మీద పడుతుంది, సబ్సిడీ బాగా వాడేవాడికి వెళ్తుంది.

మూడు_పెడళ్లు
మా దగ్గర (జర్మనీ) ఆ మాట అనలేరు. కారు కొత్తగా రిజిస్టర్ అయిన రోజున తయారీదారు చెప్పిన లిస్టు ధర తీసుకుని నెలకి అందులో 1 శాతం జీతంలో కలుపుతారు. సెకండ్ హ్యాండ్‌లో సగం ధరకి కొన్నా కొత్తదాని లిస్టు ధరే. ఇదెక్కడి అన్యాయం అని కోర్టుకెళ్లినవాళ్లున్నారు, గెలవలేదు. వద్దనుకుంటే లాగ్‌బుక్ (ఏ రోజు ఎక్కడికి ఎన్ని కిలోమీటర్లు తిరిగావో రాసే పుస్తకం) రాసుకో, అదీ నీ చేతిలోనే ఉంది కదా అన్నారు.

దాని పైన ఇంటి నుంచి ఆఫీసుకి ఎన్ని కిలోమీటర్లో అన్ని సార్లు నెలకి లిస్టు ధరలో 0.03 శాతం. నా లెక్క చెప్తాను. లిస్టు ధర 40,000 యూరోల కారు, ఆఫీసు 30 కిలోమీటర్లు. 1 శాతం అంటే 400. 0.03 శాతం అంటే 12, దాన్ని 30తో గుణిస్తే 360. మొత్తం 760 యూరోలు నేను చూడని జీతంగా పేస్లిప్‌లో కలుస్తాయి, నెలనెలా. దాని మీద పన్ను.

ఇంటి నుంచి పనిచేయడం మొదలయ్యాక నేను నెలకి నాలుగుసార్లే ఆఫీసుకి వెళ్లేవాడిని. ఏడు నెలలు 360 కలుపుతూనే ఉన్నారు. తర్వాత ఒక కొలీగ్ చెప్తే తెలిసింది, వెళ్లిన రోజుల లెక్కన వేయించుకోవచ్చట, ట్రిప్పుకి కిలోమీటరుకి 0.002 శాతం. అంటే 24 చొప్పున నాలుగు రోజులు, 96. ఎక్కడ 360, ఎక్కడ 96. తేదీలు రాసి ఇస్తే చాలు. అడిగేవరకూ ఎవరూ చెప్పలేదు. పానా_పట్టకారు గారూ, మీరు కూడా రూలు హెచ్‌ఆర్ చెప్పేశారని వదిలేయకండి, ఆ రూలు కింద ఇంకో రూలు ఉంటుంది.

సొంతబండి
> దాని పైన ఇంటి నుంచి ఆఫీసుకి ఎన్ని కిలోమీటర్లో

ఇది నాకు సబబుగానే ఉంది. నేను ఆసుపత్రికి వెళ్లే పెట్రోలు నా సొంత ఖర్చే కదా.

ఆడిటర్‌గారబ్బాయి
ఇక్కడే దేశానికో మాట. ఇల్లు-ఆఫీసు ప్రయాణం సొంత పనా, ఆఫీసు పనా? జర్మనీ, బ్రిటన్, ఆస్ట్రేలియాల్లో మామూలుగా సొంతం కిందే వస్తుంది. నెదర్లాండ్స్‌లో కంపెనీ కారు లెక్కకి అది ఆఫీసు పని, పైగా ఏడాదికి సొంత వాడకం 500 కిలోమీటర్లు దాటలేదని లాగ్‌బుక్‌తో చూపిస్తే అసలు కలపరు. మన దగ్గర కూడా ఇంటి నుంచి ఆఫీసుకి కంపెనీ బండిలో వెళ్లడాన్ని సౌకర్యంగా లెక్కించరు. అమెరికాలో మధ్యే మార్గం ఒకటుంది, ఉద్యోగి సరదాకి కాకుండా కంపెనీ అవసరం కొద్దీ బండి ఇంటికి తీసుకెళ్లాల్సి వస్తే, ఇంకే సొంత పనికీ వాడకూడదని రాతపూర్వకంగా ఉంటే, ఒక్కో వైపుకి 1.50 డాలర్లు మాత్రమే కలుపుతారు. కారు ధరతో, దూరంతో సంబంధం లేదు. డైరెక్టర్లలాంటి పెద్ద తలకాయలకి ఈ దారి లేదు.

లిఫ్టు మెకానిక్కు కోసమే రాసినట్టుంది కదా ఆ చివరిది.

వ్యాన్_వెంకన్న
కారు అడిగి చెడ్డావ్ అన్నా, వ్యాన్ అడగాల్సింది. బ్రిటన్‌లో కంపెనీ వ్యాన్ నడుపుతా నేను. ఇంటికీ పనికీ తిరగడం తప్ప మిగతా సొంత వాడకం లెక్కలోకి రానంత కొంచెమైతే వ్యాన్‌కి పన్ను సున్నా. అదే కారైతే ఇంటికి తీసుకెళ్లడమే సొంత వాడకం. పని అదే, దారి అదే, మనిషి అదే.

అందుకని అక్కడ యుద్ధమంతా ఏది కారు ఏది వ్యాన్ అన్నదాని మీదే. కోకా-కోలా ఉద్యోగులకిచ్చిన బళ్ల మీద కేసు నడిచింది. ముందు సీట్లు, వాటి వెనక ఇంకో వరస సీట్లు, ఆ వెనక సామాను. ఫోక్స్‌వ్యాగన్ కాంబీ, వాక్స్‌హాల్ వివారో. కింది ట్రిబ్యునల్ రెండింటినీ చాలాసేపు చూసి, వివారో వ్యానే, కాంబీ మాత్రం కారు అంది. పక్కపక్కన నిలబెడితే నాకు తేడా తెలీదు, ముప్ఫై ఏళ్లుగా వ్యాన్లు తోలుతున్నా. చివరికి 2020లో అప్పీలు కోర్టు రెండూ కార్లే పొమ్మంది. 2025 ఏప్రిల్ నుంచి నాలుగు తలుపుల పికప్‌లు కూడా కార్ల లెక్కలోకి పోయాయి.

అంటే ఒక సీటు వరస ఉందా లేదా అన్నదాని మీద మనిషి పన్ను వేలల్లో మారిపోతుంది. నువ్వు మడిచేసిన ఆ వెనక సీటు ఊడబీకించెయ్ అన్నా ముందు.

పానా_పట్టకారు
హహ్హ, ఊడబీకితే కంపెనీ దానికీ జీతంలో కోస్తుంది.

నిద్రలేని_సేల్స్
వాడకాన్ని బట్టి పన్ను వేయాలి అంటున్నారు కదా అందరూ. వాడకాన్ని తప్పుగా కొలిస్తే ఏమవుతుందో నేను కళ్లారా చూశాను, అందుకే రాస్తున్నా.

2009, 2010ల్లో ఆస్ట్రేలియాలో సేల్స్‌లో ఉన్నాను. అక్కడ ఈ పన్ను యజమాని కడతాడు, కానీ మా ప్యాకేజీలో సర్దేవాళ్లు కాబట్టి తగిలేది మాకే. అప్పటి సూత్రం ఏమిటంటే, ఏడాదిలో కారు ఎంత ఎక్కువ తిరిగితే అంత ఎక్కువ ఆఫీసు పని జరిగినట్టు. 15,000 కిలోమీటర్ల లోపైతే కారు విలువలో 26 శాతం, 15,000 దాటితే 20, 25,000 దాటితే 11, 40,000 దాటితే 7 శాతమే. పన్ను సంవత్సరం మార్చి 31తో ముగుస్తుంది.

ఇక మార్చి నెలాఖరు ఎలా ఉండేదో ఊహించుకోండి. నా పక్క సీటు అతని ఓడోమీటరు లెక్క 39,400 దగ్గర ఆగింది. 30,000 డాలర్ల కారు. అక్కడే ఆగితే 11 శాతం, 3,300. ఇంకో 600 కిలోమీటర్ల పైన తిరిగితే 7 శాతం, 2,100. శనివారం పొద్దున్నే బయల్దేరి సముద్రం పక్క రోడ్డు పట్టుకుని మధ్యాహ్నం దాకా ఒకవైపు వెళ్లి, ఒక బంకులో టీ తాగి, వెనక్కి తిరిగి వచ్చాడు. ఎందుకూ లేదు, కేవలం అంకె కోసం. సోమవారం ఓడోమీటర్ ఫొటో మా అందరికీ చూపించాడు, ఏదో పతకం గెలిచినట్టు. బండి బావమరిదికి, తమ్ముడికి ఇచ్చి తిప్పించినవాళ్లూ ఉన్నారు.

2011 మేలో ఆ మెట్లు ఎత్తేసి, కొత్తగా తీసుకునే కార్లకి ఎంత తిరిగినా 20 శాతం అన్నారు. బ్రిటన్‌లోనూ ఇలాంటి పిచ్చే ఉండేదట, ఆఫీసు మైళ్లు 2,500 దాటితే ఒక తగ్గింపు, 18,000 దాటితే ఇంకోటి. 2002లో తీసేసి, కారు వదిలే పొగని బట్టి శాతం పెట్టారు.

జీతాల_గుమాస్తా
ఆ 2,500 కోసం లేని మీటింగులు పెట్టుకునేవాళ్లని మా పాత బాస్ చెప్పేవారు.

ఇంధనం సంగతి ఇంకా ఘోరం. బ్రిటన్‌లోనే, కంపెనీ డబ్బుతో పోసిన పెట్రోలు ఒక్క మైలు సొంతానికి కాలినా, ఆ డబ్బు తిరిగి కట్టకపోతే, ఏడాది మొత్తానికి ఒక స్థిరమైన అంకె మీద పన్ను పడుతుంది. 2025-26కి ఆ అంకె 28,200 పౌండ్లు. పొగ ఎక్కువ వదిలే కారుకి పై హద్దు 37 శాతం, అంటే 10,434 పౌండ్లు జీతంలో కలుస్తాయి. ఒక మైలుకీ అంతే, ఇరవై వేల మైళ్లకీ అంతే. ఇప్పుడు చెప్పండి, ఒకసారి ఆ మైలు తిరిగేశాక మిగిలిన మైళ్లు ఎవడైనా ఎందుకు ఆపుకుంటాడు?

ఆడిటర్‌గారబ్బాయి
సరిగ్గా అదే ఓఈసీడీ (ఎక్కువగా ధనిక దేశాలున్న ఆర్థిక సహకార సంస్థ) 2014లో అచ్చేసిన ఒక అధ్యయనంలో తేలింది. చాలా దేశాల్లో కారు ధర మీద ఎంతోకొంత పన్ను పడుతోంది గానీ, అదనంగా తిరిగే కిలోమీటరు మీద ఏమీ పడట్లేదు. సగటున చూస్తే కంపెనీ కారు వల్ల వచ్చే లాభంలో సగం దాకానే పన్నుకి చిక్కుతోందని లెక్క తేల్చారు. 2012కి ఒక్కో కారు మీద వదిలేస్తున్న సబ్సిడీ ఏడాదికి సగటున 1,600 యూరోలట, కెనడాలో అతి తక్కువ 57, బెల్జియంలో అత్యధికంగా 2,763.

కెనడా లెక్క ఎందుకు గట్టిగా ఉందో చూడండి. అందుబాటులో ఉన్నందుకు ఒకటి, కారు ధరలో నెలకి 2 శాతం. తిరిగినందుకు వేరే, సొంత కిలోమీటరుకి ఇంత అని. ఎక్కువ భాగం ఆఫీసు పనికే వాడి, సొంత వాడకం నెలకి సగటున 1,667 కిలోమీటర్ల లోపు ఉంటే మొదటిది ఆ నిష్పత్తిలో తగ్గుతుంది. సొంతానికి ఏడాదికి 40 కిలోమీటర్లు తిరిగే మన మెకానిక్ అన్నయ్యకి అక్కడ దాదాపు ఏమీ పడదు. నాకు తెలిసినంతలో న్యాయానికి దగ్గరగా వచ్చింది అదొక్కటే. రాయాల్సింది మాత్రం రాయాలి.

చిన్న_యజమాని
రాయాలి, రాయాలి అంటున్నారు. ఎవరు రాస్తారు? నా దగ్గర ఆరు బళ్లు, తొమ్మిది మంది కుర్రాళ్లు. పైపు పగిలి ఇంట్లో మోకాలి లోతు నీళ్లున్నాయని ఫోనొస్తే, బండి ఎక్కేముందు తేదీ, గమ్యం, ఓడోమీటరు రీడింగు రాసుకుని బయల్దేరమని నేను చెప్పగలనా? జీపీఎస్ పెడదామన్నాను ఒకసారి. "ఆదివారం నేనెక్కడికి వెళ్లానో మీకెందుకు సార్" అన్నాడు ఒకతను, తప్పేముంది అందులో? పన్ను న్యాయంగా ఉండాలని మనిషి వెనకాల నిఘా పెట్టడం ఏం న్యాయం?

ఇంకోటి. ఈ బండి నేనిచ్చేది వాడి సుఖం కోసం కాదు, నా వ్యాపారం కోసం. నా వ్యాపార ఖర్చు మీద నా కుర్రాడు పన్ను కట్టడం ఏంటో నాకు ఇప్పటికీ అర్థం కాదు. కట్టాల్సి వస్తే ఆస్ట్రేలియాలోలాగా నేనే కడతాను. అప్పుడైనా ఎవరికి బండి ఇవ్వాలి, ఎవరికి అక్కర్లేదు అని యజమానులు ఆలోచిస్తారు.

సొంతబండి
మీరు కడతారండీ, ఆ తర్వాతి ఏడాది ఇంక్రిమెంట్‌లో పట్టుకుంటారు. పైన నిద్రలేని_సేల్స్ గారు అదే రాశారు, తగిలేది మాకే అని.

చిన్న_యజమాని
అది నిజమే. ఒప్పుకుంటా.

జీతాల_గుమాస్తా
లాగ్‌బుక్‌ల మీద రెండు ముక్కలు, నవ్వుకోడానికి. పోయినేడు ఒక సేల్స్ ఆయన లాగ్‌బుక్ నా టేబుల్ మీదకొచ్చింది. పన్నెండు నెలలు, ఒకే నీలం పెన్ను, ఒకే వాలు, ఎక్కడా కొట్టివేత లేదు. ప్రతి ట్రిప్పూ సున్నాతోనో అయిదుతోనో ముగుస్తుంది, 40, 65, 120. నెలకో వర్షం మరక అయినా ఉండాలి కదా బండిలో పెట్టిన పుస్తకానికి, పేజీలు ఇస్త్రీ చేసినట్టున్నాయి. సరేలే అని సర్వీసు బిల్లులు పక్కన పెట్టి చూశాను. ఒక మంగళవారం 84 కిలోమీటర్ల అవతల క్లయింటుని కలిసినట్టు రాసుంది (ఆ ఒక్కటే గుండు అంకె కాదు, పాపం కష్టపడ్డాడు). వర్క్‌షాపు బిల్లు ప్రకారం ఆ రోజు పొద్దున తొమ్మిది నుంచి రాత్రి ఏడు దాకా కారు క్లచ్ ప్లేటు ఊడదీసి ర్యాంపు మీద ఉంది.

ఆయన దొంగ కాదు. నిజంగానే ఎక్కువ ఆఫీసు పనికే తిరిగాడు. రాయడం మర్చిపోయి చివరి రాత్రి కూర్చుని మొత్తం రాశాడు, అంతే. కానీ ఆ ఒక్క మంగళవారంతో మిగిలిన మూడొందల అరవై నాలుగు రోజుల నిజం కూడా అబద్ధమైపోయింది.

మూడు_పెడళ్లు
మా దగ్గర ఎక్సెల్‌లో రాసినా ఒప్పుకోరు. తర్వాత మార్చే వీలుంటుందని. కుట్టిన పుస్తకం కావాలి, లేదా మార్చితే జాడ కనిపించే యాప్. నేను రెండు నెలలు రాసి వదిలేసి మళ్లీ 1 శాతానికి వెళ్లిపోయాను. బద్ధకం ఖరీదు అనుకున్నా.

ఇప్పుడు కంపెనీ ఎలక్ట్రిక్ కారిచ్చింది. దానికి లిస్టు ధరలో పావు వంతు మీదే లెక్క. పైన చెప్పిన అదే 40,000, అదే 30 కిలోమీటర్లయితే 760కి బదులు 190. నేను మారలేదు, దూరం మారలేదు, రోడ్డు మీద ఆక్రమించే చోటు మారలేదు. సంతోషమే, కాదనను.

సొంతబండి
సంతోషం ఎందుకుండదు! బ్రిటన్‌లో 2020-21లో ఎలక్ట్రిక్ కంపెనీ కారుకి సున్నా శాతమట, ఆ తర్వాత 1, 2 అంటూ నెమ్మదిగా పెంచుతున్నారు. ఆస్ట్రేలియాలో 2022 జూలై నుంచి ఒక ధర లోపు ఎలక్ట్రిక్ కార్లకి ఈ పన్నే లేదు. పొగ తగ్గాలి, ఒప్పుకుంటాను. కానీ ఆ మినహాయింపు దొరికేది కంపెనీ కారు ఇచ్చే ఉద్యోగం ఉన్నవాళ్లకి. మా వార్డులో ఫ్లోర్ తుడిచే ఆవిడ సెకండ్ హ్యాండ్ పెట్రోలు స్కూటర్ మీద వస్తుంది. ఆమె ఎలక్ట్రిక్ స్కూటర్ కొంటే జీతం మీద పన్ను తగ్గిస్తారా ఎవరైనా? పర్యావరణం పేరు చెప్పి పై మెట్టు వాడికి ఇచ్చే రాయితీ ఇది.

వ్యాన్_వెంకన్న
మేడమ్ గారు పాయింటు కొట్టారు. కానీ ఇంకో పక్క కూడా ఉంది. నాలాంటోడికి పన్ను తక్కువ పడుతుందంటేనే కంపెనీ ఎలక్ట్రిక్ వ్యాన్ తీసుకోమంటే తీసుకుంటా, లేకపోతే ఛార్జింగ్ కోసం అరగంట నిలబడే ఓపిక ఎవడికి? మూడేళ్లకి ఆ బళ్లు సెకండ్ హ్యాండ్‌కి వస్తాయి, అప్పుడు మీ వార్డు ఆవిడకి దొరుకుతాయేమో.

సొంతబండి
మూడేళ్లు ఆగమని ఆమెకి మీరే చెప్పండి :)

నిద్రలేని_సేల్స్
అసలు విషయం పక్కకి పోతోంది. పానా_పట్టకారు గారూ, ఆస్ట్రేలియాలో యూట్‌ల్లాంటి పనిబళ్లకి ఒక లెక్క ఉంది, మీకు పనికొస్తుందేమో. ఇంటికీ పనికీ మధ్య దారిలో 2 కిలోమీటర్లకి మించని పక్కదారి పట్టొచ్చు, అచ్చంగా సొంత ప్రయాణాలు ఏడాదికి మొత్తం 1,000 కిలోమీటర్లు మించకూడదు, ఏ ఒక్క రానుపోను ప్రయాణమూ 200 దాటకూడదు. ఈ లోపు ఉంటే వివరంగా లెక్కలు రాయక్కర్లేదు, ఏడాది చివర ఓడోమీటరు చూసి యజమాని ధ్రువీకరిస్తే సరిపోతుంది. మనిషిని మనిషిలా చూసిన రూలు అది ఒక్కటే కనిపించింది నాకు. పాప జ్వరం కూడా అందులో పడుతుంది.

ఆడిటర్‌గారబ్బాయి
మన దగ్గర కూడా పూర్తిగా ఆఫీసు పనికే వాడితే సున్నానే. ప్రయాణం తేదీ, గమ్యం, కిలోమీటర్లు, ఖర్చు రాసిన రికార్డు, ఇదంతా ఉద్యోగం పనే అని యజమాని సర్టిఫికెట్. కానీ "పూర్తిగా" అన్న మాట దగ్గర జ్వరం రాత్రులు ఇరుక్కుంటాయి. నిజం రాసేవాడికి ఆ మాట పెద్ద శిక్ష, రాయనివాడికి ఏమీ కాదు.

పానా_పట్టకారు
పది రోజులు రాలేదు, మన్నించండి. మధ్యలో ఏం జరిగిందంటే, మీరందరూ రాసింది చదివి హెచ్‌ఆర్‌కి మళ్లీ వెళ్లాను. సొంత వాడకం లేదని కంపెనీ తరఫున ఒక లెటర్ ఇవ్వండి, లాగ్‌బుక్ నేను రాస్తాను అన్నాను. సరే అన్నారు. అంతలోనే ఇంకో మాట కలిపారు, అలాగైతే ఆన్‌కాల్ లేని రాత్రుల్లో తాళం ఆఫీసులో ఇచ్చేసి వెళ్లండి అని. అంటే రాత్రి తొమ్మిదిన్నరకి డ్యూటీ దిగి బస్సు పట్టుకోవాలి, రెండు మారి.

నిజం చెప్పాలంటే అప్పుడు తెలిసింది. సొంతబండి మేడమ్ మొదట అన్న మాట గుర్తొచ్చింది, కారు ఇంటి ముందు ఉండటం విలువ కాదా అని. విలువే. కానీ పేస్లిప్‌లో రాసినంత విలువ మాత్రం కాదు. ఆ రెంటికీ మధ్య ఎక్కడో ఉంది నా లెక్క.

మొత్తానికి ఆన్‌కాల్ రాత్రులకి కారు నాది, మిగతా రాత్రులకి తాళం ఆఫీసుది అని ఒప్పుకున్నాం. మొన్న సోమవారం నుంచి పుస్తకం రాస్తున్నాను. మొదటి వారం 611 కిలోమీటర్లు, అందులో సొంతం 9.

జీతాల_గుమాస్తా
ఆ 9 ఎక్కడివి?

పానా_పట్టకారు
మందుల షాపుకి రెండుసార్లు, 6. మిగతా 3 సైట్ నుంచి వస్తుంటే రోడ్డు తవ్వేసి ఉంటే చుట్టూ తిరిగొచ్చాను. అవి ఎవరి ఖాతాలో రాయాలో తెలియక నా ఖాతాలో వేసుకున్నాను.

జీతాల_గుమాస్తా
అవి డ్యూటీవే అన్నా, కంపెనీ ఖాతాలో రాయండి. కొట్టేసి పక్కన సంతకం పెట్టండి, దిద్దొద్దు. ఆ పేజీకి కొంచెం గ్రీజు అంటినా తుడవకండి.